గడ్డి మొలవని సీమలో గడ్డి కోత మిషన్లు

కలమల్ల దగ్గర కరెంటు ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేరి, ఫోర్‌మన్‌గా దిగిపోయాను. ఆ మధ్యలో జరిగింది ఇక్కడ రాయను. ప్రమోషన్ ఎవరికి ముందొచ్చింది, ఎందుకొచ్చింది అనే సంగతులు రిటైరైన ప్రతివాడూ టీ అంగడి దగ్గర చెబుతూనే ఉంటాడు. ఓపిక ఉన్నవాళ్ళు అక్కడ వినండి. నేను రాసేది నా రెండో ఉద్యోగం గురించి. దానికి జీతం లేదు, యూనియన్ లేదు, ఇంట్లో గౌరవం అసలే లేదు. పాత లాన్ మోయర్లు, అంటే గడ్డి కోసే మిషన్లు వెతికి పట్టుకొచ్చి బాగుచేయడం.

ఈ మధ్య ప్రొద్దుటూరు నుంచి కొందరు కుర్రాళ్ళు ఫోన్లో వీడియోలు చూసి ఈ పని నేర్పమని వస్తున్నారు. వాళ్ళకు మొదటే చెబుతున్నాను. ఆ వీడియోల్లో ఎవరో ముసలాయన మిషన్ బాగుచేసి, పచ్చటి పచ్చికలో తోసుకుంటూ పోతాడు. మన దగ్గర ముందు ఆ పచ్చిక కావాలి. ఎద్దుకు వేయడానికే గడ్డి దొరకని జిల్లాలో, గడ్డిని కోసి పారేయడానికి మిషన్ ఎవరి దగ్గర ఉంటుందో కాస్త ఆలోచించుకోండి. దొరల దగ్గర ఉండేది, తర్వాత ఆఫీసర్ల దగ్గర ఉండేది, ఆ తర్వాత జీపుల్లో తిరిగేవాళ్ళ దగ్గరికి చేరింది. నేను ఆ మూడో రకం వాళ్ళ కాలంలో పనిచేశాను.

మొదటి మిషన్

మాది జమ్మలమడుగు మిషన్ కాంపౌండు. మా ముత్తాతలను దొరలు మతంలో కలుపుకున్నారు, బడిలో వేశారు, పనిలో పెట్టారు. వెళ్ళిపోతూ బంగళా వెనక షెడ్డులో ఒక గడ్డి మిషన్ వదిలేసి పోయారు. అందుకే మా వాళ్ళకు రెండు మిషన్లూ దొరలే ఇచ్చారని నేను అంటుంటాను. మొదటిదాన్ని పాస్టర్లు చూసుకుంటున్నారు. రెండోదాన్ని మాత్రం ఎవరో పాత ఇనుము కింద తూకానికి వేశారు.

అది ప్రొద్దుటూరులో మస్తాన్ భాయ్ గుజరీ అంగట్లో నా కంటపడింది. చేత్తో తోసే రకం. ముందు ఒక తిరిగే రోలరు, దాని మీద మెలి తిరిగిన బ్లేళ్ళు, కింద అడ్డంగా ఒక పట్టీ బ్లేడు. అంతా తుప్పు.

"ఇదేంది భాయ్?" అన్నాను, తెలియనట్టు.

"చెరుకు రసం మిషన్ సాబ్. దొరలది. రెండు చక్రాలు పోయినాయి గాని రసం బాగొస్తాది" అన్నాడు మస్తాన్ భాయ్, ఏమాత్రం తడుముకోకుండా.

దాన్ని సైకిలు వెనక కట్టుకొని ఇంటికి తెచ్చాను. మా ఆవిడ మార్తమ్మ వాకిట్లో నిలబడి మిషన్‌ను చూసింది, నన్ను చూసింది, చుట్టూ మా నాపరాళ్ళ వాకిలిని చూసింది.

"ఈడ గడ్డి యాడుండాదబ్బా కోసేకి?"

"కోయనీకి కాదు. బాగుచేయనీకి."

"బాగుచేసి?"

ఈ పనిలోకి వచ్చేవాళ్ళు ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కోవద్దు. దొరికితే పని మానేస్తారు.

పని మాత్రం నేర్చుకోండి. తుప్పు పట్టిన బోల్టును సుత్తితో కొట్టవద్దు. కిరసనాయిలు పోసి వదిలేసి, వేరే పని చూసుకోండి. మన దగ్గర అందరూ ముందు కొట్టి తర్వాత కిరసనాయిలు సంగతి ఆలోచిస్తారు. ఇక బ్లేళ్ళ పదును. దీనికి సానరాయి పనికిరాదు. ఆటో అంగళ్ళలో వాల్వులకు వాడే గరుకు పేస్టు దొరుకుతుంది. దాన్ని బ్లేళ్ళకు పూసి రోలరును వెనక్కి తిప్పాలి. పై బ్లేడూ కింది బ్లేడూ ఒకదాన్నొకటి రాసుకొని రెండూ ఒకే తీరుకు వస్తాయి. మధ్యలో కాగితం ముక్క పెడితే కత్తెరలాగా తెగాలి. నేను ఎన్నికల కరపత్రాలు పెట్టి చూసేవాణ్ణి. మా ప్రాంతంలో వాటికి ఏనాడూ కొరత రాలేదు.

పులివెందులలో ఒక చప్పుడు

నా సంగతి ఆ నోటా ఈ నోటా పాకింది. పులివెందుల నుంచి ఒక కాంట్రాక్టరు కబురు పెట్టాడు. ఆయన హైదరాబాదులో ఎవరో మంత్రి ఇంటి ముందు లాన్ చూసి వచ్చి, తనూ వేయించుకున్నాడు. పెట్రోలుతో నడిచే పాత మోయరు ఒకటి కొన్నాడు. అది స్టార్టు కావడం లేదు.

వెళ్ళి చూశాను. కార్బొరేటరులో పెట్రోలు జిగురు కట్టిపోయి ఉంది. విప్పి, కడిగి, బిగించాను. అప్పటికే పనివాళ్ళు స్టార్టు చేసే తాడు లాగీ లాగీ సైలెన్సరు నిండా కాలని పెట్రోలు నింపి పెట్టారు. అది నేను గమనించలేదు. తాడు లాగాను.

ఢాం అంది.

అవి ఎలాంటి రోజులో తెలిసినవాళ్ళకు తర్వాతిది చెప్పక్కరలేదు. తెలియని పిల్లల కోసం చెబుతున్నాను. అప్పట్లో మా వైపు మనుషులు ముందు చప్పుడు విని, పడుకొని, తర్వాత అది ఏమిటని అడిగేవాళ్ళు. నేను తల ఎత్తేసరికి వాకిట్లో ఒక్కడు కూడా నిలబడి లేడు. గన్‌మన్ తులసికోట వెనక ఉన్నాడు. కాంట్రాక్టరు మంచం కింద ఉన్నాడు. మంచం మీద వాళ్ళమ్మ కూర్చొని శనగకాయలు ఒలుస్తోంది. ఆమె మాత్రం కదల్లేదు.

"ఎవురు పోయినార్రా?" అని అడిగింది, కాయ ఒలుస్తూనే.

"ఎవురూ పోలేదవ్వా. గడ్డి మిషన్."

"అట్లనా" అంది, కొంచెం నిరాశగా.

కాంట్రాక్టరు మంచం కింద నుంచి వచ్చి, పంచె దులుపుకొని, తాను చెప్పు వెతుక్కుంటున్నానని మాకందరికీ చెప్పాడు. ఆ రోజు నుంచి ఎక్కడ తాడు లాగినా ముందు "మిషన్ సప్పుడప్పా, మిషన్ సప్పుడు!" అని కేక పెట్టడం అలవాటు చేసుకున్నాను. ఏ వీడియోలోనూ ఇది చెప్పరు.

ఓబుళన్న కొడవలి

ఇప్పుడు అసలు యజమానుల దగ్గరికి వస్తాను. ఫ్యాక్టరీలో మా ఇంజనీర్లు నాకు మెమోలు ఇచ్చారు, అంతకు మించి ఏమీ నేర్పలేదు. నేర్పినవాళ్ళు ఇద్దరు. జమ్మలమడుగు వైపు ఒకే వాగుకు అటూ ఇటూ ఉన్న రెండు ఊళ్ళ పెద్దలు. వాగుకు ఇటు ఓబుళన్న, అటు కేశవన్న. ఇద్దరూ వేరు వేరు పార్టీలు. నిజానికి పార్టీలు తర్వాత వచ్చాయి. పగ ముందు నుంచీ ఉంది. ఒకడు ఏ జెండా పట్టుకుంటే రెండోవాడు రెండో జెండా పట్టుకునేవాడు. సిద్ధాంతాలంటే మా దగ్గర అంతే.

ఓబుళన్నకు పార్టీ టికెట్టు వచ్చే సూచన కనబడగానే ఇంటి ముందు లాన్ వేయించాడు. రాష్ట్ర నాయకులు వస్తే కుర్చీలు వేయడానికి. ఊరి చేలు ఎండుతుంటే ఆ గడ్డికి ట్యాంకరుతో నీళ్ళు తోలారు. దొరల మిషన్ నా దగ్గర ఉందని తెలిసి జీపు పంపి తెప్పించుకున్నాడు. అడిగాడని చెప్పలేను. జీపు వచ్చింది, మిషన్ ఎక్కింది, నేనూ ఎక్కాను.

మిషన్ గడ్డిని సమంగా, చప్పుడు లేకుండా కోసుకుంటూ పోవడం చూసి ఓబుళన్న మురిసిపోయాడు. కరపత్రం ముక్క పెట్టి కోసి చూపించాను. అదే నేను చేసిన పొరపాటు. మన పనితనం ఎవరి ముందు చూపిస్తున్నామో చూసుకోవాలి.

మర్నాడు ఆయన మనిషి ఒక గోనెసంచి తెచ్చి నా ముందు కుమ్మరించాడు. వేటకొడవళ్ళు.

"ఆ మిషన్‌కు పట్టిన పదును వీటికి గూడా పట్టుప్పా ప్రభుదాసూ" అన్నాడు ఓబుళన్న, పళ్ళు కుట్టుకుంటూ.

కాదంటే ఏమవుతుందో తెలుసు. అవునంటే ఏమవుతుందో అంతకన్నా బాగా తెలుసు.

"అన్నా, ఈ మిషన్ బ్లేడు ఒంటిగా తెగదు. కింద ఇంకో బ్లేడు ఉంటేనే తెగేది. కత్తెర మాదిరి. నేను పట్టే పదును అట్లాటిదే. కొడవలికి పనికిరాదు."

"అంటే ఎదుటోడు గూడా మన కొడవలి ఒగటి పట్టుకోని కింద నిలబడాలంటావు" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆయన నవ్వలేదు. "ఒగటి పట్టు. చూస్తాం."

పేస్టు తీసి ఒక కొడవలికి పూశాను. వాళ్ళందరూ చూస్తుండగా సాయంత్రం దాకా రుద్దాను. నా జీవితంలో అంత శ్రద్ధగా ఏ పనీ చేయలేదు. కొడవలి అద్దంలా మెరిసింది. ఓబుళన్న మనిషి దాన్ని తీసుకొని పెరట్లో అరటి బోదె మీద ఒక్క వేటు వేశాడు. అది బోదె మీద జారి పక్కకు పోయింది. ఇంకో వేటు వేశాడు. తోలు కమిలింది.

"మెరుస్తాందే గాని దిగల్యా అన్నా" అన్నాడు వాడు.

ఓబుళన్న కొడవలి తీసుకొని అంచు మీద బొటనవేలు రాసి చూశాడు. "ఇంత చేతగానోనివి నీకు ఫ్యాక్టరీలో జీతమెట్లిస్తాండారప్పా?" అన్నాడు చివరికి.

అది నా చేతకానితనమేనని ఆయన నమ్మాడు. మీరూ అదే నమ్మండి.

కేశవన్న విచారణ

పదును పట్టలేదన్న సంగతి వాగు దాటలేదు. కొడవళ్ళు నా ముందు కుమ్మరించిన సంగతి మాత్రం దాటింది. ఆ నెలలోనే కేశవన్న మనిషికి భుజం మీద వేటు పడింది. నేను జమ్మలమడుగు బస్టాండులో బస్సు కోసం నిలబడి ఉంటే ఒక జీపు వచ్చి ఆగింది. ఈసారి కూడా ఎవరూ అడగలేదు.

జీపులో నాకు మార్తమ్మ గుర్తొచ్చింది. గడ్డి లేని ఇంట్లో గడ్డి మిషన్ వల్ల విధవరాలైందని ఊరంతా చెప్పుకుంటారని, ఆ మాట ఆమెకు ఎంత అవమానమోనని దిగులేసింది. ప్రార్థన చేసుకుందామనుకున్నాను. ఒక్క వాక్యమూ తిన్నగా రాలేదు.

కేశవన్న సన్నగా, పొట్టిగా, బడిపంతులులా ఉంటాడు. గొంతు ఎత్తడు. తన లాన్ మీద కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. అవును, ఆయనకూ లాన్ ఉంది. ఓబుళన్న దానికన్నా నాలుగు గజాలు పెద్దది.

"మా వాని భుజం మీద పడింది నీ పదునేనంటనే?"

"అన్నా, నా పదునే అయ్యుంటే మీ వానికి కమిలేదన్నా, తెగేది కాదు."

"అట్లనా. ఏదీ, చూపిచ్చు" అని తన మనిషి చేతిలో కొడవలిని నా ముందు వేయించాడు.

మళ్ళీ పేస్టు తెప్పించారు. మళ్ళీ రుద్దాను. ఈసారి చేయి అలవాటు పడింది గనుక పని ఇంకా బాగా కుదిరింది. అరటి బోదె దొరక్కపోతే గుమ్మడికాయ తెచ్చారు. కొడవలి గుమ్మడికాయ మీద జారి, కొట్టినవాడి కాలి పక్కన నేలలో దిగింది.

కేశవన్న మొదటిసారి నవ్వాడు. "ఓబులేసుకు ఇట్లాంటోల్లు ఇంకో పదిమంది దొరికితే మనకు పనే ఉండదురా" అన్నాడు. తర్వాత షెడ్డు వైపు చెయ్యి చూపించాడు. "కొడవలి వద్దుగాని, ఆడ మన మిషన్ ఒగటి మొరాయిస్తాంది. దాన్ని చూసిపో."

అలా రెండు వైపులా నా రాకపోకలు మొదలయ్యాయి. వాగు దాటితే తలలు లేచిపోయే రోజుల్లో, స్పానర్ల సంచీతో నేనొక్కడినే అటూ ఇటూ తిరిగాను. చేతకానివాడన్న పేరుకన్నా గట్టి పోలీసు బందోబస్తు ఇంకొకటి నేను చూడలేదు.

మద్దిలేటి ఉద్యోగం

ఆ తర్వాత ఏడాది ఓబుళన్న జీపు మీద వాగు దగ్గర బాంబులు పడ్డాయి. ఓబుళన్న ఆ జీపులో లేడు. ఎప్పుడూ ఉండడు. ఉన్నవాడు రామాంజి. పెళ్ళికి సంబంధాలు చూస్తున్న పిల్లవాడు, జీపులో తిరిగితే బాగుంటుందని ఎక్కినవాడు. అక్కడికక్కడే పోయాడు.

పార్టీ ఆ కుటుంబాన్ని ఆదుకుంటుందని ఓబుళన్న శవం దగ్గర మైకులో చెప్పాడు. ఆదుకున్నాడు కూడా. రామాంజి నాయన మద్దిలేటికి తన ఇంటి ముందు గడ్డి కోసే పని ఇచ్చాడు. మిషన్ తోయడం నేర్పమని నన్ను పిలిపించాడు.

మద్దిలేటి ఎత్తుగా, ఎండుకట్టెలా ఉండేవాడు. జీవితమంతా శనగకాయ చేలో కలుపు పీకినవాడు. నేను మిషన్ చూపిస్తుంటే విన్నాడు. చివరకు ఒకే ఒక మాట అడిగాడు.

"కోసిన గడ్డి ఎవురికేస్తారప్పా?"

"ఎవురికీ వేయరు. పారేస్తారు."

"అట్లైతే పెంచేదెందుకు?"

అతను పిడి పట్టుకొని తోయడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత నేను మిషన్ చూడటానికి వెళ్ళినప్పుడల్లా ఇద్దరం గోడ నీడన కూర్చొని బీడీ తాగేవాళ్ళం. కొడుకు మాట ఎప్పుడూ ఎత్తేవాడు కాదు. ఒకసారి మాత్రం, "వానికి జీపంటే శానా ఇష్టమప్పా. నాకేమో ఎద్దులుండె. ఎద్దులబండి ఎక్కమంటే సిగ్గుపడేటోడు" అన్నాడు.

లాన్ మీద రాజీ

ఇక మా రాజకీయాల్లో మహాద్భుతం జరిగింది. కేశవన్నకు తన పార్టీలో టికెట్టు రాలేదు. ఓబుళన్న పార్టీ వాళ్ళకు కేశవన్న ఊళ్ళ ఓట్లు కావాలి. హైదరాబాదులో ఎవరో పెద్దలు ఇద్దరినీ కూర్చోబెట్టి మాట్లాడారు. ఒకరికి అసెంబ్లీ, ఒకరికి జిల్లా పరిషత్తు. కేశవన్న కండువా మార్చుకోవాలి. రెండు తరాలుగా పారిన రక్తం ఒక్క మధ్యాహ్నం భోజనాల్లో ఆగింది. అంత సులువుగా ఆగేదైతే ముందే ఎందుకు భోజనం పెట్టలేదని అడగడానికి, అడగాల్సినవాళ్ళు చాలామంది బతికి లేరు.

కండువా కప్పే సభ ఓబుళన్న ఇంటి ముందు లాన్ మీదే పెట్టారు. గడ్డి తివాచీలా ఉండాలని నన్ను ముందుగా పిలిపించారు. మిషన్ సరిచేశాను. మద్దిలేటి కోయడం మొదలుపెట్టాడు. సగం లాన్ అయ్యేసరికి, అనుకున్నదానికన్నా ముందే కార్లు వచ్చేశాయి. కేశవన్న దిగాడు. ఓబుళన్న ఎదురెళ్ళి కౌగిలించుకున్నాడు. విలేకరులు కెమెరాలు ఎత్తారు.

"ఇంతకాలం మమ్మల్ని ఎవురో విడదీసినారు. ఇంక మేం ఒగటే కుటుంబం, ఒగటే పార్టీ" అన్నాడు ఓబుళన్న. కేశవన్న తల ఊపాడు.

లాన్ మధ్యలో మిషన్ ఆగింది. మద్దిలేటి పిడి వదిలి, తలగుడ్డ తీసి చేతిలో పట్టుకొని ముందుకు వచ్చాడు. కోపంగా లేడు. పంచాయితీ ఆఫీసులో సంగతి తెలుసుకోవడానికి వచ్చినవాడిలా అడిగాడు.

"అన్నా, నాకు తెలీక అడుగుతాండా. మీరిద్దరూ ఒగటే పార్టీ అయినారు గదా. మా రామాంజి ఇప్పుడు ఏ పార్టీ కింద సచ్చిపోయినట్టు?"

కేశవన్న గడ్డిని చూశాడు. ఒక విలేకరి కెమెరా దించేశాడు. హైదరాబాదు నుంచి వచ్చిన నాయకుడు, "ఎవరితను?" అని పక్కవాణ్ణి అడిగాడు.

"మన తోటమాలి. కొడుకు పోయినప్పటి నుంచి మతి నిలకడ లేదు" అన్నాడు ఓబుళన్న. తర్వాత మద్దిలేటితో చాలా మెత్తగా, "పోప్పా, లోపలికి పోయి మజ్జిగ తాగుపో" అన్నాడు.

మద్దిలేటి లోపలికి పోలేదు. వెనక్కి నడిచి, మిషన్‌ను ఎత్తి భుజాన పెట్టుకొని, కార్ల మధ్యగా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఆపాలని ఎవరికీ తోచలేదు. నేను నా స్పానర్లు ఏరుకొని వెనకే పరిగెత్తాను. మర్నాడు పేపర్లలో ఇద్దరు నాయకులూ చేతులు కలిపి నవ్వుతున్న ఫోటో వచ్చింది. వాళ్ళ కాళ్ళ కింద సగం గడ్డి కోసి ఉంది, సగం మడమలు మునిగేంత పెరిగి ఉన్నట్టు కనబడింది.

రిపేరులో ఉంది

రోడ్డు మీద అతన్ని కలుసుకున్నాను. ఇద్దరం మిషన్‌కు చెరో వైపు పట్టుకొని బస్సెక్కించాం. మా ఇంటికి వచ్చాక దాన్ని దించి, మద్దిలేటి తలగుడ్డతో మొహం తుడుచుకున్నాడు.

"ఇది నీ కాడనే ఉండనీప్పా. ఆ గడ్డి ఇంక నేను కోయను. ఇంకెవురూ కోయగూడదు."

మార్తమ్మ అతనికి అన్నం పెట్టింది. మిషన్ గురించి ఆ పూట ఆమె ఒక్క మాట అనలేదు. మద్దిలేటి ఆ తర్వాత ప్రొద్దుటూరు మార్కెట్ యార్డులో మూటలు మోయడానికి కుదిరాడు. ఆదివారాలు వచ్చి కూర్చొని పోయేవాడు. పోయిన ఏడు కాలం చేశాడు.

వారం తిరగకముందే ఓబుళన్న మనిషి జీపులో వచ్చాడు.

"మిషన్ యాడుండాది?"

"రిపేరులో ఉండాదప్పా."

"ఏమైంది దానికి?"

"పాతది గదా. ముక్క ఒగటి ఇరిగింది. అట్లాటిది దొరకడం ల్యా."

"ఎప్పుడైతాది?"

"చూస్తాండా."

ఓబుళన్న పోయాడు. ఇప్పుడు ఆయన కొడుకు పదవిలో ఉన్నాడు. లాన్ కూడా అలాగే ఉంది. ఏడాదికోసారి ఎవరో ఒకరు కారులో వచ్చి, నాయన కాలం నాటి దొరల మిషన్ బాగైందా అని మర్యాదగా అడుగుతారు. నేను అంతకన్నా మర్యాదగా, ఇంకా కాలేదని చెబుతాను.

వెనక షెడ్డులో దాని మీద గోనెపట్టా కప్పి ఉంచాను. నెలకోసారి నూనె వేస్తాను. కాగితం పెడితే ఒక్క పోగు మిగలకుండా తెగుతుంది. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్ళలో ఒకడు మొన్న దాన్ని తిప్పి చూసి, "సార్, ఇది బ్రహ్మాండంగా ఉంది గదా, రిపేరెక్కడ?" అన్నాడు.

"నీకింకా పని రాలేదబ్బా" అన్నాను.